తెర మీది సంఖ్య - తప్పు ఎవరిది?

ఒకప్పుడు విద్యార్థికి గడువు అంటే కార్యాలయపు కిటికీ మూసే వేళ. వరుసలో నిలబడినవానికి తన ముందు ఎంతమంది ఉన్నారో కనిపించేది. కిటికీ మూతపడితే మూసినవారెవరో తెలిసేది. వేళకు ముందే మూస్తే నలుగురూ కలిసి అడిగేవారు. నేడు ప్రవేశం మొదలుకొని పట్టా చేతికి వచ్చేవరకు విద్యార్థి వ్యవహారమంతా ఫోను తెర మీదికి చేరింది. దరఖాస్తు అక్కడే, రుసుము అక్కడే, హాల్ టికెట్ అక్కడే, ఫలితమూ అక్కడే. ఇది అభివృద్ధి కాదని ఎవరూ అనలేరు. అయితే ఈ కొత్త కిటికీ మూతపడినప్పుడు మూసినవారెవరో విద్యార్థికి తెలియడం లేదు. తెలియనందువల్ల కలుగుతున్న నష్టాన్ని గురించి, దానిని నివారించే మార్గాన్ని గురించి నాకు తోచిన నాలుగు మాటలు విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు ఈ సంచిక ద్వారా మనవి చేసుకుంటున్నాను.

ఈ వ్యాసం రాయడానికి కారణమైన సంఘటన ముందుగా చెప్పాలి. గత సంవత్సరం ఉపకార వేతనపు దరఖాస్తులకు అది చివరి రోజు. మన కళాశాలలోనే మొదటి సంవత్సరం చదువుతున్న ఒక సోదరికి ఆదాయ ధ్రువపత్రం ఆ మధ్యాహ్నమే చేతికి వచ్చింది. సాయంత్రం ఆమె కళాశాల ఎదుటి వీధిలోని నెట్ సెంటరుకు వచ్చింది. ప్రాజెక్టు కాగితాలు ప్రింటు తీయించుకోవడానికి వెళ్లిన నేను అప్పటికే అక్కడ ఉన్నాను. సైటు తెరుచుకోలేదు. తెల్లని తెర మీద 522 అనే సంఖ్య, దాని కింద మూడు చిన్న బొమ్మలు, మరి కొన్ని ఆంగ్ల వాక్యాలు కనిపించాయి. సెంటరు నడిపే భాయ్ "సైటు డౌన్ ఉన్నది బేటీ, మళ్లీ కొట్టు" అన్నాడు. ఆమె మళ్లీ మళ్లీ కొట్టింది. తన ఫోనులో ప్రయత్నించింది, అదే సంఖ్య. నెట్ బ్యాలెన్సు చాలలేదేమోనని రీచార్జి చేయించుకున్నది. ఫోనులోనే లోపం ఉన్నదని ఎవరో చెప్పగా, దానిని కొన్ననాటి స్థితికి తెచ్చింది. అందులో భద్రపరచిన ధ్రువపత్రాల ఫొటోలన్నీ పోయాయి. అర్ధరాత్రి గడువు ముగిసింది.

మరునాడు సంబంధిత కార్యాలయానికి వెళ్లి అడిగితే "అందరికీ తెరుచుకున్నది కదమ్మా, నీ ఫోనులోనే ఏదో ఉన్నది. చివరి రోజు దాకా ఎందుకు ఆగావు?" అన్నారు. ఆమె ఆ మాట నమ్మింది. తప్పు తనదేనని నిశ్చయించుకొని తిరిగి వచ్చింది. రెండు రోజుల తరువాత గడువును మరి కొన్ని రోజులు పొడిగించారు. తన వంతు అయిపోయిందనుకున్న మనిషి ఆ ప్రకటన కోసం ఎదురుచూడదు గదా! సంగతి ఆమె చెవిన పడేసరికి ఆ పొడిగింపు కూడా ముగిసింది. ఆ యేటి రుసుమును ఆమె తల్లి కుట్టు మిషను మీద సంపాదించి మూడు వాయిదాలలో కట్టింది.

నేను కంప్యూటర్ శాస్త్రం చదువుతున్నవాణ్ణి. ఆ సాయంత్రం అదే తెరను ఆమె పక్కనే నిలబడి చూచాను. అది చెబుతున్నదేమిటో నేను కూడా చదవలేదు. తరువాత తెలుసుకొని చూస్తే, తప్పు ఆ పిల్లది కాదని ఆ తెర మీదనే స్పష్టంగా రాసి ఉన్నది.

మూల గ్రంథాలయం - శాఖా గ్రంథాలయం

ఆ రాతను చదవాలంటే, ఒక సైటు మన ఫోనులోకి ఎట్లా వస్తుందో కొంత తెలియాలి. హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. 1891లో అసఫియా గ్రంథాలయంగా ఆరంభమైన సంస్థ అది. ఆదిలాబాదు పాఠకుడు తనకు కావలసిన ప్రతి పుస్తకానికీ అఫ్జల్‌గంజ్ దాకా రావలసి వస్తే ప్రయాణానికే కాలమంతా సరిపోతుంది. పాఠకులందరూ ఒకే రోజు వచ్చారా, ద్వారం దగ్గరే తొక్కిసలాట జరుగుతుంది. ఎక్కువమంది అడిగే పుస్తకాల ప్రతులను ఊరూరి శాఖా గ్రంథాలయాలలో ఉంచితే రెండు బాధలూ తీరుతాయి. శాఖలో లేని పుస్తకం కోసం మాత్రం శాఖవారే కేంద్రానికి మనిషిని పంపుతారు. తెచ్చిన ప్రతిని పాఠకునికి ఇచ్చి, మరొకటి తమ బీరువాలో పెట్టుకుంటారు.

కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అనే పెద్ద పేరు గల ఏర్పాటు ఇంతే. సైటు యజమాని ఉంచుకున్న అసలు సర్వర్ కేంద్ర గ్రంథాలయం. ముంబై, చెన్నై, హైదరాబాదు వంటి నగరాలలో ఈ సేవాసంస్థలు నెలకొల్పిన సర్వర్లు శాఖా గ్రంథాలయాలు. మనం సైటు పేరు కొట్టగానే, పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ అనే వ్యవస్థ మనలను సాధారణంగా దగ్గరి శాఖకు పంపుతుంది. అక్కడ నకలు ఉంటే వెంటనే ఇస్తుంది. లేకుంటే అసలు సర్వర్‌ను అడిగి తెస్తుంది.

దూరం వల్ల కలిగే ఆలస్యాన్ని లెక్క కట్టి చూడవచ్చు. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుంచి న్యూయార్కుకు సుమారు 13,000 కిలోమీటర్లు. తంతువు తిన్నగా ఉన్నదనుకున్నా పోయి రావడానికి సెకనులో 100కి 13 వంతులు పడుతుంది. ఇది ఒక్క రాకపోకకు మాత్రమే. ముందుగా సంబంధం కుదరాలి, తరువాత రహస్య భద్రతకు తాళాలు మార్చుకోవాలి, ఆ పిమ్మట పుట అడగాలి. సాధారణంగా మూడు రాకపోకలు. అప్పటికి సెకనులో 100కి 39 వంతులు గడచినా తెర మీద ఒక్క అక్షరమూ రాదు. అదే నకలు ముంబైలో ఉంటే, తంతువు 700 కిలోమీటర్లున్నదనుకున్నా ఒక రాకపోకకు సెకనులో 1,000కి 7 వంతులు చాలు. ఒక్క పుటలో అనేక బొమ్మలు, అక్షర రూపాలు, చిన్న ప్రోగ్రాములు విడివిడిగా రావలసి ఉంటుంది గనుక ఈ తేడా పెరుగుతూ పోతుంది.

ఈ చిక్కును ముందుగా పసిగట్టినవారు వరల్డ్ వైడ్ వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీ. రానున్న రద్దీని గురించి 1995లో ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని సహచరుల ముందు ఈ సమస్యను ఉంచారు. గణిత ఆచార్యుడు టామ్ లేటన్, ఆయన శిష్యుడు డేనియల్ లెవిన్ తమ బృందంతో కలిసి దానిని చేపట్టారు. ఏ నకలు ఏ సర్వర్‌లో ఉండాలి, ఒక సర్వర్ చెడిపోతే తక్కినవాటిని కలవరపెట్టకుండా దాని భారాన్ని ఎట్లా పంచాలి అన్న ప్రశ్నకు 1997లో గణితబద్ధమైన సమాధానం ప్రకటించారు. 1998లో అకమాయ్ అనే సంస్థను స్థాపించారు. లెవిన్ 2001 సెప్టెంబరు 11న, న్యూయార్కు జంట సౌధాలను ఢీకొన్న మొదటి విమానంలో ప్రయాణిస్తూ, 31 ఏళ్ల వయసులో మరణించాడు. ఒక ఆచార్యుడూ ఒక విద్యార్థీ కలిసి పరిష్కరించిన లెక్క మీద నేటి అంతర్జాలంలో పెద్ద భాగం నడుస్తున్నదన్న సంగతి విద్యార్థి లోకం గుర్తుంచుకోదగినది.

ఈ ఏర్పాటు శక్తిని మన దేశం 2023 నవంబరు 19న చూచింది. ఆనాడు అహ్మదాబాదులో జరిగిన ప్రపంచ కప్ క్రికెట్ అంతిమ పోటీని ఒక దశలో 5.9 కోట్ల మంది ఏకకాలంలో హాట్‌స్టార్‌లో వీక్షించారు. ఏ ఒక్క సర్వరూ మోయలేని బరువు అది. ఊరూరా ఉన్న శాఖలు పంచుకున్నందువల్ల ఆట ఆగలేదు.

ఆ తెర ఏమి చెప్పింది?

ఇప్పుడు 522 దగ్గరకు వద్దాం. ఆ తెర మీది మూడు బొమ్మలలో మొదటిది మన బ్రౌజరు, రెండవది శాఖా సర్వర్, మూడవది అసలు సర్వర్. మొదటి రెండింటి మీద పచ్చని గుర్తు, మూడవదాని మీద ఎర్రని గుర్తు ఉన్నాయి. దాని అర్థం ఇది: "నీ ఫోను బాగున్నది. నీ నెట్ బాగున్నది. నీవు మా శాఖ దాకా క్షేమంగా వచ్చావు. నీ కోసం మేము కేంద్రానికి మనిషిని పంపాము. అతడు తలుపు తట్టి చాలాసేపు నిలబడ్డాడు. లోపలి నుంచి పలుకు లేదు." అసలు సర్వర్ జనసమ్మర్దంతో ఉక్కిరిబిక్కిరి అయినా, దాని కాపలా ప్రోగ్రాము శాఖ మనిషినే దొంగ అనుకొని అడ్డగించినా, శాఖ దగ్గర కేంద్రపు పాత చిరునామా ఉన్నా ఈ సంఖ్య వస్తుంది. కారణం మూడింటిలో ఏదైనా, రీచార్జి చేయించినందువల్ల మారేది ఏమీ లేదు.

520 మొదలు 526 వరకు గల సంఖ్యలు అంతర్జాల ప్రమాణాలలోనివి కావు. క్లౌడ్‌ఫ్లేర్ అనే సేవాసంస్థ తన వాడుక కోసం పెట్టుకున్నవి. 521 అంటే కేంద్రం తలుపు తట్టగానే "పో" అన్నదని. 523 అంటే కేంద్రానికి దారే దొరకలేదని. 525, 526 అంటే కేంద్రం చూపిన గుర్తింపు ముద్ర కుదరలేదని, లేదా చెల్లనిదని. 524ను ప్రత్యేకంగా చెప్పాలి. మనిషి కేంద్రానికి చేరాడు, చీటీ ఇచ్చాడు, గుమాస్తా చీటీ తీసుకొని లోపలికి వెళ్లాడు. అనుకున్న వ్యవధిలో తిరిగి రాలేదు. లోపల పని జరిగి ఉండవచ్చు, జరగకపోయి ఉండవచ్చు. పరీక్ష రుసుము కట్టేటప్పుడు 524 గాని, దాని సాధారణ రూపమైన 504 గాని వస్తే, వెంటనే రెండవసారి కట్టరాదు. ముందు బ్యాంకు ఖాతాలో డబ్బు పోయినదో లేదో, దరఖాస్తు స్థితిలో ఏమి చూపుతున్నదో చూసుకోవాలి. ఈ జాగ్రత్త లేనివారే రెండుసార్లు రుసుము కట్టి వాపసు కోసం తిరుగుతుంటారు.

అన్ని సైట్లకూ వర్తించే ప్రామాణిక సంఖ్యలలో ఒక సులభ సూత్రం ఉన్నది. 4తో మొదలయ్యేవి అడిగిన తీరుకు సంబంధించినవి. 5తో మొదలయ్యేవి ఇచ్చేవారి అశక్తతకు సంబంధించినవి. 404 అంటే ఆ పేరుగల పుట అక్కడ లేదు. మనం పేరు తప్పు కొట్టి ఉండవచ్చు, సైటువారే పుటను కదిలించి పాత చిరునామాను వదిలేసి ఉండవచ్చు. 403 అంటే అనుమతి లేదు. 429 అంటే నీవు మరీ త్వరత్వరగా అడుగుతున్నావు, కాస్త ఆగుము. 502 అంటే మధ్యవర్తికి వెనుకనున్న సర్వర్ నుంచి సరైన జవాబు అందలేదు. 503 అంటే ప్రస్తుతానికి సేవ చేయలేము, తరువాత రమ్ము.

ఏ సంఖ్యా లేకుండా బ్రౌజరే "చేరలేకపోయాము" అని చెబితే అప్పుడు మన వైపు చూసుకోవాలి. తక్కిన సైట్లు తెరుచుకుంటున్నాయా? పేరు సరిగా కొట్టామా? వేరొకరి ఫోనులో, వేరే కంపెనీ నెట్ మీద వస్తున్నదా? భద్రతా హెచ్చరిక వస్తే ఫోనులో తేదీ సరిగా ఉన్నదా? తేదీ తప్పితే మంచి గుర్తింపు ముద్ర కూడా గడువు తీరినట్లు కనిపిస్తుంది. తేదీ సరిగానే ఉండి హెచ్చరిక వస్తే మాత్రం దానిని దాటుకొని ముందుకు పోయి ఆధార్ సంఖ్యనో బ్యాంకు వివరాలనో ఇవ్వరాదు.

శాఖల మీద ఆధారపడటం

ఇంతవరకు చదివి, శాఖలు మంచివి, కేంద్రమే చెడ్డది అనుకోరాదు. శాఖల వ్యవస్థే కుప్పకూలిన రోజులున్నాయి. 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ అనే సంస్థలో, ఒక ఖాతాదారుడు న్యాయంగా చేసుకున్న చిన్న మార్పు లోపల దాగిన దోషాన్ని తట్టిలేపగా, దాని వ్యవస్థలో 85 శాతం పని మానింది. బ్రిటిషు ప్రభుత్వ సైటు, గార్డియన్, న్యూయార్క్ టైమ్స్ పత్రికలు ఒకేసారి మూగబోయాయి. 49 నిమిషాలలో అధిక భాగం కోలుకున్నది. 2025 నవంబరు 18న క్లౌడ్‌ఫ్లేర్ వంతు వచ్చింది. డేటాబేసు అనుమతులలో చేసిన ఒక మార్పు వల్ల ఒక ఫైలు రెండింతలైంది; దానిని చదివే ప్రోగ్రాము ఆ పరిమాణాన్ని భరించలేక నిలిచిపోయింది. మన కాలమానం ప్రకారం సాయంత్రం 4.50 నుంచి రాత్రి 8 గంటల దాకా ఎక్స్, చాట్‌జీపీటీ వంటి ఎన్నో సైట్లు చాలామందికి అందలేదు.

ఆ రోజు జరిగిన దానిలో నన్ను ఆలోచింపజేసిన విషయం ఒకటున్నది. ఆ సంస్థ నిపుణులు కూడా మొదట దానిని బయటి శత్రువుల దాడి అనుకున్నారు. తరువాత దోషం తమదేనని గ్రహించారు. అదే రోజు, ఏ గంటకు ఏమి జరిగిందో, ఏ మార్పు వల్ల జరిగిందో వివరంగా ప్రకటించి క్షమాపణ కోరారు. అంతటి నిపుణులకే తప్పు ఎక్కడున్నదో మొదటి చూపుకు తెలియనప్పుడు, నెట్ సెంటరులో నిలబడిన పదిహేడేళ్ల పిల్లను చూడగానే "నీ ఫోనులోనే ఉన్నది" అని తీర్పు చెప్పడం ఎట్లా న్యాయమవుతుంది? తప్పును ఒప్పుకొని కారణం ప్రకటించే సంస్కారాన్ని మన కార్యాలయాలు కూడా అలవరచుకోవాలి. "నిన్న ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు మా సైటు పని చేయలేదు" అన్న ఒక్క వాక్యం ఆ సైటు మీదనే ఉండి ఉంటే, ఆ సోదరి పొడిగింపు కోసం ఎదురుచూసి ఉండేది.

ఎన్ని శాఖలు పెట్టినా తీరని చిక్కు మరొకటున్నది. ఫలితాలు చదువుకునేవి. లక్షమంది చూచినా నకళ్లు పంచవచ్చు. దరఖాస్తు రాసి ఇచ్చేది. ఎవరి దరఖాస్తు వారిది. దానికి నకలు ముందుగా శాఖలో ఉండదు. ప్రతి ఒక్కటీ కేంద్రపు పద్దులోకి ఎక్కవలసిందే. చివరి రోజు సాయంత్రం ఎన్ని శాఖలున్నా ఆ వరుస అంతా కేంద్రం వాకిట్లోనే నిలబడుతుంది. అందుకు విరుగుడు గడువు నిర్ణయించే తీరులో ఉన్నది. జిల్లాల వారీగానో, తరగతుల వారీగానో వేరువేరు చివరి తేదీలు పెట్టవచ్చు. వరుసలోకి వచ్చినవారికి ముందుగా ఒక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య ఉన్నవారి దరఖాస్తును మరునాడైనా స్వీకరించవచ్చు. కిటికీ మూసే వేళకు వరుసలో ఉన్నవారికి చీటీలు పంచి పని ముగించిన గుమాస్తాలను మన పెద్దలు చూచే ఉంటారు. ఆ మర్యాద యంత్రానికి కూడా నేర్పవచ్చు.

కమిటీ పెద్దలకు మనవి

మన కళాశాల సైటు విషయంలో సవినయంగా కొన్ని మాటలు. మన ప్రకటనలు కాగితం మీద టైపు చేసి, సంతకం ముద్ర వేసి, ఫొటో తీసి సైటులో పెడుతున్నాము. అటువంటి ఫొటో ఒక్కొక్కటి 2, 3 మెగాబైట్లు ఉంటుంది. కంప్యూటరు లిపి సంకేతాలలో ఒక ఆంగ్లాక్షరం 1 బైటు, ఉర్దూ అక్షరం 2 బైట్లు, తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది. ఆ లెక్కన 1,000 సంకేతాల తెలుగు ప్రకటన 3,000 బైట్లు మాత్రమే. 3 మెగాబైట్ల ఫొటో దానికి సుమారు వెయ్యి రెట్లు. పల్లె నుంచి వచ్చే విద్యార్థి బలహీనమైన నెట్ మీద ఆ బరువును మోస్తున్నాడు. ప్రకటనను అక్షరాలుగానే రెండు భాషలలోనూ పెడితే త్వరగా తెరుచుకుంటుంది, వెదకితే దొరుకుతుంది, చూపు లేని విద్యార్థికి యంత్రం చదివి వినిపించగలుగుతుంది.

ఉర్దూ విషయంలో ఇంకొక సూక్ష్మం ఉన్నది. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఒకదాని మీదికి మరొకటి వాలుతూ, చోటును బట్టి రూపు మారుస్తాయి. 1981లో అచ్చుకు వచ్చిన నూరీ నస్తాలీఖ్ కోసం మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20,000 అక్షర గుచ్ఛాలు రాయవలసి వచ్చింది. అటువంటి అక్షర రూపాల ఫైళ్లు ఆంగ్లం కంటే చాలా బరువు. వాటిని బయటి సేవాసంస్థ శాఖ నుంచి తెప్పించుకునే సైటులో, ఆ శాఖ పలకని రోజు ఉర్దూ పుట నస్తాలీఖ్ సొగసు కోల్పోయి వేరే లిపి రూపంలో కనిపిస్తుంది. మన సైటులో ఆ ఫైలును మనమే ఉంచుకొని, అది రాకపోయినా చదవదగినట్లుగా పుటను తయారు చేయించాలి.

సైటు గుర్తింపు ముద్రకు గడువు ఉంటుంది. ఆ గడువులు క్రమంగా కుదించబడుతున్నాయి. 2026 మార్చి 15 నుంచి జారీ అయ్యే ముద్రలకు గరిష్ఠ కాలం 200 రోజులు. 2029 మార్చి 15 నుంచి 47 రోజులని 2025లోనే నిర్ణయమైంది. ఎవరో ఒకరు గుర్తుంచుకొని మార్చే రోజులు పోతున్నాయి; దానంతట అదే మారే ఏర్పాటు చేయించడం అవసరం. పరీక్షల కాలపట్టిక మార్చినప్పుడు శాఖలలోని పాత నకళ్లను తొలగించమని ఆదేశించడం మరువరాదు. కార్యాలయంలో కొత్తది కనిపిస్తూ, విద్యార్థి ఫోనులో పాతదే కనిపిస్తే, పరీక్ష తప్పినవాడు అబద్ధమాడుతున్నాడని అనుకునే ప్రమాదం ఉన్నది. వీటన్నిటితో పాటు, ముఖ్యమైన ప్రకటనలను వరండాలోని నోటీసు బోర్డు మీద కాగితం రూపంలో అతికించే పాత ఆచారం మానరాదని నా అభిప్రాయం. ఆ బోర్డుకు 522 రాదు.

అన్నిటికంటే ముఖ్యమైన మనవి ఒకటి. విద్యార్థి 5తో మొదలయ్యే సంఖ్య ఉన్న తెర ఫొటోను గడువు లోపల తీసి తెస్తే, కళాశాల దానిని సాక్ష్యంగా స్వీకరించాలి. మన పరిధిలోని గడువైతే ఒక రోజు పొడిగించాలి. పై కార్యాలయపు గడువైతే ప్రిన్సిపాల్ గారి సంతకంతో విద్యార్థి పక్షాన లేఖ రాయాలి. దీనికి ఖర్చు ఏమీ లేదు. విద్యార్థులు దీనిని సాకుగా వాడుకోరా అని కొందరు పెద్దలు శంకించవచ్చు. ఆ శంక నిరాధారమైనది కాదు. అయితే క్లౌడ్‌ఫ్లేర్ వారి తెర మీద తేదీ, వేళ, ఆ అభ్యర్థనకు ప్రత్యేకమైన ఒక గుర్తింపు సంకేతం ఉంటాయి. పైగా సైటు నిజంగా మూగబోతే సాక్ష్యం ఒక్కరి దగ్గరే ఉండదు, పదిమంది దగ్గర ఉంటుంది. పోల్చి చూడటం కష్టం కాదు.

విద్యార్థి మిత్రులకు

మనం చేయవలసినదీ ఉన్నది. సంఖ్యను చదవండి. తెర ఫొటో తీయండి. అందులోని వేళ సాధారణంగా ప్రపంచ కాలమానంలో ఉంటుంది. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన వేళ వస్తుంది. మళ్లీ మళ్లీ కొట్టకండి. వేలమంది ఒక్కొక్కరు పదేసి సార్లు కొడితే, ఊపిరి తిప్పుకోబోతున్న సర్వర్ మీద మనమే మరింత బరువు వేసినవారమవుతాము. పది, పదిహేను నిమిషాలు ఆగి ప్రయత్నించండి. వీలైతే తెల్లవారుజామున ప్రయత్నించండి. ఫోనును తుడిచివేయమని ఎవరు చెప్పినా తొందరపడకండి. చివరి రోజు దాకా ఆగకండని కూడా చెప్పాలి. అయితే ఆదాయ పత్రం చివరి రోజునే చేతికి వచ్చే ఇళ్లు మనలో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు గనుక ఆ మాటను మందలింపుగా చెప్పలేను.

ఈ సంవత్సరం దరఖాస్తుల కాలం రాగానే ఈ సంఖ్యలను, వాటి అర్థాలను ఒక కాగితం మీద తెలుగులో రాశాను. ఉర్దూ విభాగంలోని నా మిత్రుడు అదే కాగితపు రెండవ సగంలో తన అందమైన దస్తూరీతో ఉర్దూలో రాశాడు. నేను "తప్పు ఎవరిది?" అని పెట్టిన శీర్షికకు అతడు "కసూర్ కిస్‌కా?" అని పెట్టాడు. ఆ కాగితాన్ని నెట్ సెంటరు అద్దం తలుపుకు అతికించాము. భాయ్ చదివి, "ఇన్నేళ్లూ నేను పిల్లలకు మళ్లీ కొట్టమనే చెప్పాను" అన్నాడు. ఆ సాయంత్రమే ఆ సోదరి వచ్చి తలుపు దగ్గర ఆగి, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివి, 522 దగ్గర కొంతసేపు నిలిచింది. తరువాత ఫోను తీసి దానిని ఫొటో తీసుకున్నది. "అన్నా, ఆ రోజు నా ఫోను బాగానే ఉన్నదన్నమాట" అన్నది.

ఆ కాగితపు ప్రతి ఒకటి మన గ్రంథాలయ ద్వారానికి, మరొకటి కార్యాలయపు కిటికీకి అతికించడానికి కమిటీ పెద్దలు అనుమతి ఇస్తారని ఆశిస్తున్నాను.